డైపోల్ వెనక రేకు ఎంత దూరంలో?

సెల్ టవర్ మీద నిలువుగా బిగించిన పొడవాటి పెట్టెల్లో చాలావాటి లోపల ఉండేది ఒక చదునైన లోహపు రేకు, దాని ముందు వరసగా డైపోల్‌లు. డైపోల్ అంటే మధ్యలో విడదీసిన కడ్డీ. సిగ్నల్ అక్కడే అందుతుంది. దాని మొత్తం పొడవు తరంగదైర్ఘ్యంలో సగానికి కాస్త తక్కువ. 900 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 33 సెంటీమీటర్లు కాబట్టి డైపోల్ సుమారు 16 సెంటీమీటర్లు ఉంటుంది. వెనక్కి పోయే తరంగాన్ని ముందుకు తిప్పడమే రేకు పని అని సాధారణంగా చెబుతారు. అది నిజమే కానీ సగం నిజం. రేకు డైపోల్ గుణాన్నే మార్చేస్తుంది. ఎంత మార్చాలో తేల్చేది ఆ రెంటి మధ్య దూరం. అందుకే ఈ యాంటెన్నా డిజైన్‌లో అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఆ దూరం గురించే.

లోహపు ఉపరితలం వెంట విద్యుత్ క్షేత్రం నిలవదు. అందుకే రేకును తాకిన తరంగం తలకిందులై తిరిగొస్తుంది. 1888లో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో హైన్‌రిచ్ హెర్ట్జ్ 4 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పున్న జింకు రేకును గోడకు అమర్చి చేసిన ప్రయోగం దీనిమీదే ఆధారపడింది: వెళ్లే తరంగం, తిరిగొచ్చే తరంగం కలిసి కొన్నిచోట్ల బలపడ్డాయి, కొన్నిచోట్ల కొట్టుకుపోయాయి. మన డైపోల్‌ను రేకుకు పావు తరంగదైర్ఘ్యం, అంటే 8.3 సెంటీమీటర్ల దూరంలో పెడదాం. వెళ్లిరావడానికి సగం తరంగదైర్ఘ్యం పడుతుంది, తలకిందులవడం మరో సగంతో సమానం. కాబట్టి తిరిగొచ్చిన తరంగం ముందుకు వెళ్లేదానితో అడుగు కలుపుతుంది. అదే దూరాన్ని రెట్టింపు చేసి చూడండి. ఎదురుగా నేరుగా ఏమీ మిగలదు, శక్తంతా పక్కలకు మళ్లుతుంది. రేకు అదే, డైపోల్ అదే. మారింది 8 సెంటీమీటర్లు మాత్రమే.

వెనక్కి పోయే సగం ముందుకొస్తే బలం రెట్టింపే కావాలి కదా అనిపిస్తుంది. లెక్క ప్రకారం పావు తరంగదైర్ఘ్యం దూరంలో అది దాదాపు 3.4 రెట్లు. ఎలాగంటే, రేకు వెనక అంతే దూరంలో వ్యతిరేక కరెంటుతో మరో డైపోల్ ఉన్నట్టే ముందువైపు తరంగాలు ప్రవర్తిస్తాయి. రెండు క్షేత్రాలు కలిస్తే క్షేత్రం రెట్టింపు, శక్తి నాలుగు రెట్లు. అయితే ఆ ప్రతిబింబం అసలు డైపోల్ మీద కూడా పనిచేస్తుంది. ఒంటరిగా 73 ఓములున్న నిరోధం 86 ఓములకు పెరుగుతుంది. అదే శక్తికి కరెంటు కొంత తగ్గుతుంది, నాలుగు కాస్తా 3.4 అవుతుంది. మరీ దగ్గరగా, తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతుకు జరిపితే నిరోధం 32 ఓములకు పడిపోతుంది, ముందువైపు బలం మాత్రం 4.5 రెట్లకు చేరుతుంది.

అలాగైతే ఇంకా దగ్గరకు జరపవచ్చు కదా? కాగితం మీద లాభంగా కనిపించినా ఆ దారి నాకు సమ్మతం కాదు. డైపోల్, ప్రతిబింబం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నకొద్దీ అదే శక్తిని పంపడానికి భారీ కరెంటు కావాలి. లోహంలో వేడిగా పోయే నష్టం పెరుగుతుంది, యాంటెన్నా ఇరుకైన ఫ్రీక్వెన్సీ పరిధిలోనే సరిగా పనిచేస్తుంది. మన దేశంలో 900 బ్యాండ్‌లో ఫోన్ నుంచి టవర్‌కు 890 నుంచి 915, టవర్ నుంచి ఫోన్‌కు 935 నుంచి 960 మెగాహెర్ట్జ్ వాడతారు. ఒకే యాంటెన్నా రెండింటినీ మోయాలి. సిగ్నల్ తెచ్చే 50 ఓముల కేబుల్‌కు డైపోల్ నిరోధం నేరుగా కుదిరే దూరం తరంగదైర్ఘ్యంలో 0.16 వంతు, అంటే 5.3 సెంటీమీటర్ల దరిదాపు. ఒక్క డైపోల్‌తో ప్రయోగం చేసేవారికి నేను సూచించేది అదే. వెడల్పైన బ్యాండ్ కావాలంటే పావు తరంగదైర్ఘ్యం వైపు జరిగి, నిరోధం తేడాను సరిపెట్టే మార్గం వేరే చూసుకోవాలి.

అంత రేకు ఎందుకు, వెనక ఒక కడ్డీ చాలదా అన్నది న్యాయమైన ప్రశ్న. తిరుపతి దగ్గర గాదంకిలోని వాతావరణ రాడార్‌లో 1024 యాగీ యాంటెన్నాలు ఆ పద్ధతినే వాడతాయి. అది పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ దగ్గర, తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు. అంత పెద్ద తరంగానికి రేకు పరచడం కంటే కడ్డీ తేలిక. కానీ కడ్డీ పొడవు ఫ్రీక్వెన్సీకి సరిగ్గా కుదిరితేనే అది తరంగాన్ని తిప్పగలదు. రేకుకు ఆ షరతు లేదు. పైగా టవర్ చుట్టూ మూడు దిక్కులకు మూడు యాంటెన్నాలుంటే ఒకదాని తరంగం వెనకనున్నదానికి అడ్డుపడకూడదు. అందుకు డైపోల్ కంటే అన్నివైపులా బాగా బయటికొచ్చే రేకు కావాలి. చిన్న రేకు అంచుల మీదుగా తరంగం వెనక్కి వంగి జారుకుంటుంది. గాలి ఒత్తిడి భయముంటే రేకు బదులు జాలీ పెట్టవచ్చు; కన్నాలు తరంగదైర్ఘ్యంలో పదో వంతు కంటే చిన్నవిగా ఉంటే, 900 మెగాహెర్ట్జ్ దగ్గర 3 సెంటీమీటర్ల లోపు, తరంగానికి అది దాదాపు గట్టి రేకులాగే కనిపిస్తుంది.