హాలు నిండితే పాట ఎందుకు మునుగుతుంది?

ఒక పాఠకుడి ఉత్తరం ఇది: "ఇండోర్ స్టేడియంలో రాక్ బ్యాండ్ కచేరీకి వెళ్లాను. అన్నీ నాకు కంఠతా వచ్చిన పాటలే. అయినా ఒక్క మాట తెలిసిరాలేదు. జనం నిలబడి చూశారే గాని ఊగలేదు. పాడే అతని మొహంలోనూ కళ లేదు. లోపం వాళ్లదా, మాదా?"

ఇద్దరిదీ కాదు. ప్రయాణ బడలిక, గంటల ఆలస్యం, తలల మీద లేచిన ఫోన్లు, ఇవన్నీ కారణాలే, కాదనను. వాటి సంగతి సినిమా పేజీల వాళ్లు చూసుకుంటారు. నాకు మాత్రం ఈ ఉత్తరంలో దోషి ఒక్కడే కనిపిస్తున్నాడు: ఆగాల్సిన చోట ఆగని బేస్.

ధ్వని గోడలకు, పైకప్పుకు తగిలి తిరిగొస్తూ, పుట్టించినవాడు ఆపేశాక కూడా కాసేపు మిగులుతుంది. ఇదే ప్రతినాదం. అది 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయం ప్రతినాద కాలం. హాలు పెద్దదైతే ఈ కాలం పెరుగుతుంది, ధ్వనిని పీల్చే వస్తువులుంటే తగ్గుతుంది. పాఠం ఇంతే.

ఇంత చిన్న పాఠం కోసం ఒకాయన ఎన్ని రాత్రులు మేలుకున్నాడో! 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఒక మాట అంటే ఐదున్నర సెకన్లు మోగేది. దాన్ని బాగుచేసే పని వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడి నెత్తిన పడింది. అప్పటి పెద్దలకు తెలిసిన వైద్యం హాలుకు అడ్డంగా తీగలు కట్టడం. ఎన్ని తీగలు కట్టినా ఫలితం సున్నా. సాబిన్ పక్కనున్న థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, వీధి సద్దుమణిగాక ఆర్గన్ గొట్టం ఊది, శబ్దం చెవికి అందకుండా పోయేదాకా ఎంతసేపు పడుతుందో కొలిచాడు. తన ఒంటిమీది బట్టలు మారినా లెక్క మారుతోందని గమనించి వేల కొలతలు అవతల పారేసి, ఆ తర్వాత ఎప్పుడూ ఒకే కోటు, ఒకే రకం దుస్తులతో కూర్చున్నాడు. ఇలాంటి మొండివాళ్లంటే నాకు వల్లమాలిన అభిమానం.

అయితే సాబిన్ మొదట కొలిచింది 512 హెర్ట్జ్ దగ్గర, అంటే మధ్య స్థాయి శ్రుతి. బేస్‌ను కూడా ఆయన తర్వాత కొలిచాడు గాని, ఆ మధ్య స్థాయి అలవాటు లోకంలో పాతుకుపోయింది. ఇప్పటికీ "మా హాలు ప్రతినాద కాలం ఇంత" అని ఎవరైనా చెబితే, అది సాధారణంగా 500, 1000 హెర్ట్జ్‌ల దగ్గరి అంకె. బేస్ గిటారు, కిక్ డ్రమ్ మోగేది 63, 125 హెర్ట్జ్‌ల పరిసరాల్లో. అక్కడ ఏం జరుగుతుందో ఆ అంకె చెప్పదు.

డెన్మార్క్‌లో నీల్స్ అడెల్‌మన్-లార్సెన్ అనే పరిశోధకుడు సహచరులతో కలిసి సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడు. 20 రాక్ వేదికల్లో ధ్వనిని కొలిచి, వాటిలో వాయించే సంగీతకారులనూ సౌండ్ ఇంజనీర్లనూ ఏ హాలు ఎలా ఉందని అడిగారు. 2010లో అచ్చయిన ఫలితం: వెయ్యి నుంచి ఆరు వేల ఘనపు మీటర్ల హాళ్లలో, మెచ్చుకున్న వాటి ప్రతినాద కాలం 0.6 నుంచి 1.2 సెకన్లు. అదీ బేస్‌కూ ట్రెబుల్‌కూ దాదాపు సమానంగా. తిట్టుకున్న హాళ్లన్నిటికీ ఒకటే జబ్బు, 63, 125 హెర్ట్జ్‌ల దగ్గర మోత ఎక్కువసేపు నిలవడం.

ఎందుకో లెక్కేసి చూడండి. నిమిషానికి 120 దెబ్బల పాటలో బేస్ గిటారు ప్రతి పావు సెకనుకు ఒక స్వరం మీటుతోంది అనుకుందాం. ప్రతినాద కాలం 0.6 సెకన్లయితే, తర్వాతి స్వరం వచ్చేసరికి హాల్లో పాత స్వరం మోత 25 డెసిబెల్స్ పడిపోతుంది. కొత్తదానికి దారి దొరుకుతుంది. అదే మూడు సెకన్ల హాల్లో? ఐదంటే ఐదు డెసిబెల్స్. పాత స్వరాలు పోకముందే కొత్తవి వచ్చి పడి, లయ కాస్తా ఒకే గుయ్యిమనే మోతగా మారుతుంది. ఆ మోతకు ఎవరైనా కాలు ఎలా కదుపుతారు?

ఇందులో నాకు బాగా నచ్చిన మెలిక జనం. ఒళ్లూ బట్టలూ ధ్వనిని పీలుస్తాయి కదా, హాలు నిండితే మోత తగ్గాలి. తగ్గుతుంది, కానీ ఒక పక్షమే. నిలబడ్డ జనం బేస్‌కంటే మధ్య, పై స్థాయి ధ్వనులను దాదాపు ఐదు రెట్లు పీలుస్తారని అదే అధ్యయనం తేల్చింది. 63 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం ఐదు మీటర్ల పైమాటే. దానికి మనిషి అడ్డే కాడు. మధ్యాహ్నం ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేసి కుదిర్చిన పాకం, సాయంత్రం జనం రాగానే చెడిపోతుంది. హాలు ఎంత నిండితే బేస్ అంత పెత్తనం చేస్తుంది.

పైగా మన చెవి కూడా బేస్ వైపే. మంద్ర శబ్దం తనకంటే పై శ్రుతులను కప్పేస్తుంది, పై శ్రుతి కిందిదాన్ని అంతగా కప్పలేదు. శబ్దం పెరిగేకొద్దీ ఈ కప్పడం ఇంకా పైకి పాకుతుంది. మాటను మాటగా నిలిపే స, ష, త, క లాంటి హల్లుల బలమంతా పై స్థాయిలోనే ఉంది. అందుకే పాట అర్థం కావడం లేదని ఇంజనీర్ అన్నిటికీ కలిపి వాల్యూమ్ పెంచితే ఇంకా అర్థం కాదు.

ఈ పొరపాటుకు ఒక చరిత్ర ఉంది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ పాడినప్పుడు సుమారు 55,600 మంది వచ్చారు. బ్యాండ్ దగ్గరున్నవి 100 వాట్ల యాంప్లిఫయర్లు. పాట జనానికి చేరింది ఆటల ప్రకటనలకు వాడే స్పీకర్ల నుంచి. కేకల్లో వాళ్ల వాయింపు వాళ్లకే వినపడలేదు. దీన్నుంచి పరిశ్రమ నేర్చుకున్న నీతి: వాట్లు పెంచండి! ఆరుబయటకు అది సరైన మందే. దాన్నే తీసుకొచ్చి గోడల మధ్య, పైకప్పు కింద కుమ్మరించారు.

ఇక వేదిక మీది మనిషి. బేస్ స్పీకర్ మొహం జనం వైపు ఉన్నా దాని ధ్వని నాలుగు దిక్కులకూ పోతుంది, వెనక నిలబడ్డ గాయకుణ్ణీ ముంచుతుంది. తన గొంతు తనకు వినపడక అతను ఇంకా గట్టిగా పాడతాడు. మోతలో మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లోంబార్ 1911లోనే రాశాడు. ఈ బాధ పడలేక చెవుల్లో మానిటర్లు బిగించుకుంటే గొంతు వినపడుతుంది, జనం వినపడరు. జనం స్పందన అతనికి అందాలని మళ్లీ జనం వైపు మైకులు పెట్టాల్సి వస్తోంది. మీకు అతని మొహం వెలవెలపోయినట్టు కనిపించిందంటే వింతేముంది?

అలాగని బేస్ వద్దనడం లేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఓర్ఫెక్స్ అనే జంట వాయిస్తుండగా, చెవికి పట్టనంత తక్కువ శ్రుతి స్పీకర్లను ఉండుండి వేస్తూ ఆపేస్తూ చూశారు. అవి వేసినప్పుడు జనం కదలికలు 11.8 శాతం పెరిగాయని 2022లో ప్రకటించారు. మనిషిని ఆడించేది బేసే. కాకపోతే వచ్చినంత వేగంగా వెళ్లిపోవాలి.

ఉపయోగం ఏమిటంటారా? మన కల్యాణ మండపాలు, ఆడిటోరియాల యజమానులు గోడలకు కర్టెన్లు కడతారు, కొందరు కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు. ఐదు మీటర్ల తరంగానికి అది దోమతెర కట్టి ఏనుగును ఆపడమే. అవి పీల్చేది ట్రెబుల్‌ను, అంటే ఉన్న కాస్త స్పష్టతనూ లాగేస్తాయి. బేస్‌ను పట్టాలంటే వెనక గాలి ఖాళీ వదిలి బిగించిన పలకలో, అడుగుల మందాన శోషకాలో కావాలి. స్థలం పోతుందని వాటి జోలికి ఎవరూ పోరు.

హాలు చూడ్డానికి వెళ్లినవాళ్లు చప్పట్లు కొట్టి పరీక్షిస్తుంటారు. చప్పట్లలో బేస్ దాదాపు ఉండదు, ఆ పరీక్షను నమ్మకండి. డ్రమ్స్ అతన్ని పిలిచి కిక్ డ్రమ్ ఒక్క దెబ్బ కొట్టమనండి, ఎంతసేపు నిలుస్తుందో వినండి. ఉత్తరం రాసిన పాఠకుడికి నా సలహా: ఈసారి ఆరుబయట కచేరీకి టికెట్ కొనండి. హాలే గతి అయితే సౌండ్ ఇంజనీర్ బల్ల పక్కన నిలబడండి. ఆయన తన చెవికి బాగుండేలా సరిచేసేది అక్కడే.