పరాయి ఊరి ప్లీడరు, పాతకాపుల పార్టీ

2024 జూలై నెలలో అమెరికాలో రిపబ్లికన్ పార్టీ మహాసభ జరిగింది. చిలుకూరి వారి ఆడపడుచు ఉష ఆ వేదిక మీద నిలబడి తన భర్తను సభకు పరిచయం చేసింది. అప్పటినుండి మన తెలుగిండ్లలో పెద్దల మధ్య ఒక వాదం నడుస్తూనే ఉన్నది. వలసవెళ్ళిన వారి పిల్ల, పైగా ప్లీడరు, ఆ పాతకాపుల పార్టీ వైపు ఎలా వెళ్ళిందని కొందరి ఆశ్చర్యం. మన పిల్ల అంత ఎత్తుకు పోయింది, అదే చాలునని మరికొందరి సంతోషం. ఇందులో కొత్త ఏమీ లేదని మేము అంటున్నాము. ఇటువంటి దారిలో నడిచినవారు లండనులోనూ ఉన్నారు, మన కోరాపుట్, రాయగడ ప్రాంతాలలోనూ ఆ దారి జాడలున్నవి. ఆ దారి ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో కొంచెం విచారించి చూతాము.

మొదట లండను సంగతి. మంచర్జీ మెర్వాంజీ భౌనగరీ అనే పార్సీ పెద్దమనిషి 1851లో బొంబాయిలో పుట్టాడు. చిన్నతనంలో పత్రికలలో పనిచేశాడు. తండ్రి పోయిన తరువాత భావనగర్ సంస్థానానికి బొంబాయిలో ఏజంటుగా ఉన్నాడు. 1882లో లండను చేరి, 1885లో బారిస్టరు అయ్యాడు. సరిగ్గా పదేండ్లకు, 1895 ఎన్నికలలో, తూర్పు లండనులోని బెత్నల్ గ్రీన్ నియోజకవర్గం నుండి కన్సర్వేటివ్ పార్టీ అభ్యర్థిగా పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మెజారిటీ 160 వోట్లు. అది కూలీనాలీ జనం కిక్కిరిసి ఉండే పేట. ఓడినవాడు జార్జి హోవెల్, ఒకప్పుడు తాపీపని చేసి కార్మిక నాయకుడైనవాడు. తన వంటి పాతకాపును ఎక్కడినుండో వచ్చిన పరదేశి ఓడించడం ఆయనకు చివరిదాకా మింగుడుపడలేదు.

పాఠకులకు దాదాభాయి నౌరోజీ గారి పేరు తెలుసు. 1892లో ఆయన లిబరల్ పార్టీ పక్షాన వ్రేళ్ళమీద లెక్కించదగిన మెజారిటీతో గెలిచాడు. 1895లో ఆయన ఓడిన ఎన్నికలలోనే భౌనగరీ గెలిచాడు. ఇద్దరూ పార్సీలే, ఇద్దరూ బొంబాయి వారే. అయితే మన దేశంలో కాంగ్రెసు వారు భౌనగరీని మెచ్చలేదు. ఆయన పేరును ఇంగ్లీషులో విరిచి, దొరల ముందు మోకాలు వంచేవాడని అర్థం వచ్చేటట్లు ఎగతాళి చేశారు. ఆయన బ్రిటిషు పాలనను సమర్థించిన మాట నిజమే. అయితే మరొక మాటా నిజమే. దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జరుగుతున్న అన్యాయాన్ని గురించి ఆయన పార్లమెంటులో పలుమార్లు లేచి అడిగాడు. తన పార్టీ మంత్రులకే మహజర్లు పంపాడు. గాంధీ గారు ఆయనతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, ఆయన సహాయం పొందారు. 1900లో రెండవసారి గెలిచి, 1906లో ఓడిపోయాడు. 1933లో లండనులోనే కాలం చేశాడు. ఆయన పార్లమెంటులో కూర్చున్న కాలంలోనే, 1905లో, ఆయన పార్టీ ప్రభుత్వమే పరదేశీయుల రాకను అదుపుచేసే చట్టం తెచ్చింది. వలసవచ్చినవాడు ఆ పార్టీ బల్లల మీద కూర్చుంటే ఎదురయ్యే చిక్కు ఎటువంటిదో ఈ ఒక్క విషయంతో తెలుస్తున్నది.

అసలు ఇటువంటివారు ఆ పార్టీలవైపు ఎందుకు పోతారు? మాకు తోచినంతలో మూడు కారణాలు కనబడుతున్నవి. ఒకటి, పరాయి చోట కష్టపడి ఇల్లు, దుకాణం, పేరు సంపాదించుకొన్నవాడికి ఉన్నది నిలబడాలనే కోరిక సహజం. ఆస్తి, కుటుంబం, దైవభక్తి, శాంతిభద్రతలు అని చెప్పే పార్టీ అతనికి తన ఇంటి పెద్ద మాటవలె వినబడుతుంది. రెండు, ప్లీడరు వృత్తి చట్టాన్నీ దస్తావేజునూ నమ్ముకొన్న వృత్తి. ఒక్కరాత్రిలో అన్నీ మార్చివేస్తామనేవారి మీద ఆ వృత్తిలోనివారికి అనుమానం ఎక్కువ. మూడు, పాతకాపుల పార్టీకీ బయటివాడు అవసరమే. మా తలుపులు అందరికీ తెరిచే ఉన్నవని లోకానికి చూపడానికి అటువంటివాడు ఒకడు ముందువరుసలో ఉండాలి. ఇరువైపులా అవసరం ఉన్నచోట బేరం త్వరగా కుదురుతుంది.

ఇక మన ఊళ్ళ సంగతికి వద్దాము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. పార్వతీపురం నుండియో సాలూరు నుండియో కొండ ఎక్కి వచ్చిన గుమాస్తా, ఉపాధ్యాయుడు, వర్తకుడు, ప్లీడరు ఒకే జిల్లాలో ఒకచోటినుండి మరొకచోటికి వచ్చినవారే. ఆ రోజుతో వారు వేరొక రాష్ట్రవాసులయ్యారు. ఇక్కడి కోర్టుల పద్ధతీ వేరు. 1839 నాటి చట్టంతో ఏజెన్సీ ప్రాంతాన్ని మామూలు కోర్టుల పరిధినుండి తీసి, కలెక్టరును ఏజంటుగా నియమించి ఆయన చేతిలో పెట్టారు. పైన జయపుర సంస్థానం. మహారాజా విక్రమదేవవర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత, ఒరియాతోపాటు తెలుగునూ ఆదరించిన పండితుడు. అటువంటి సంస్థానం నీడలో బ్రతికినవారికి రాజుల పట్ల, రాజుల పార్టీల పట్ల గౌరవం ఉండడంలో వింత ఏమున్నది?

అయినా ప్లీడర్లందరూ రాజుల వెంటనే నడిచారనుకొంటే పొరపాటు. రాయగడలో రైలెక్కి పార్వతీపురం దాటితే బొబ్బిలి వస్తుంది. బొబ్బిలి రాజా వారు జస్టిస్ పార్టీ నాయకులు, మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా పనిచేసినవారు. ఆ పార్టీ బ్రాహ్మణేతరుల హక్కుల కోసం పుట్టినదే గాని, ఆ నాటికి జమీందారుల చేతిలో ఉండినది. 1937 ఎన్నికలలో రాజావారిని వారి సొంత బొబ్బిలిలోనే ఓడించినది వరాహగిరి వేంకట గిరి గారు. గిరి గారు 1894లో బరంపురంలో పుట్టిన తెలుగువారు, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి కార్మికుల పక్షాన నిలబడినవారు, 1969లో రాష్ట్రపతి అయినవారు. ఒకే చదువు, ఒకే వృత్తి ఒకరిని ఒక వైపుకు, మరొకరిని ఇంకొక వైపుకు తీసుకొనిపోవచ్చును.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1950లో పట్నా సంస్థానాధీశులు రాజేంద్ర నారాయణ సింహదేవ్ గారి నాయకత్వంలో గణతంత్ర పరిషత్తు అనే పార్టీ వెలసింది. 1952 ఎన్నికలలో అది రాష్ట్ర శాసనసభలో 31 స్థానాలు గెలిచింది. ఆ ఎన్నికలలోనే నౌరంగపూర్ లోకసభ స్థానం నుండి ఆ పార్టీ తరఫున ఢిల్లీ వెళ్ళినది పొన్నాడ సుబ్బారావు గారు. ఆ పేరు ఏ భాషవారిదో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. 1959లో సేలంలో వకీలుగా జీవితం ఆరంభించిన రాజాజీ గారు స్వతంత్ర పార్టీని స్థాపించగా, మన రంగా గారు దానికి అధ్యక్షులయ్యారు. 1962లో గణతంత్ర పరిషత్తు అందులో కలిసింది. 1967 నుండి 1971 జనవరి వరకు సింహదేవ్ గారు జనకాంగ్రెసుతో కలిసి ముఖ్యమంత్రిగా ఒరిస్సాను పాలించారు. కనుక పాతకాపుల పార్టీ మనకు దూరపు చుట్టం కాదు. మన వాకిట్లో సైకిలు ఆపి వోటు అడిగిన పార్టీయే.

ఆ పార్టీల ప్రధాన నినాదం ఆస్తిహక్కు. మనకు ఆ మాట తియ్యగానే ఉంటుంది. కాని కోరాపుట్, రాయగడ జిల్లాలలో ఆ మాట ఉచ్చరించేముందు ఒకసారి చుట్టూ చూడవలసి ఉన్నది. ఇది షెడ్యూల్డు ప్రాంతం. ఇక్కడి కంధ, సవర, పరజా, గదబ జనం తరతరాలుగా దున్నిన కొండపొలాలలో అనేకానికి కాగితమే లేదు. గిరిజనుని భూమి అనుమతి లేకుండా ఇతరుల చేతికి పోరాదని 1956లో రెగ్యులేషను వచ్చింది. ఆ అనుమతి మార్గమూ దుర్వినియోగమైనందున 2002లో సవరించి, గిరిజనేతరులకు బదిలీని దాదాపు పూర్తిగా నిషేధించారు. కాగితం ఉన్నవాడి ఆస్తిని కాపాడతానన్న పార్టీ కాగితం లేనివాడి కొండను ఏమి చేస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మొదటివాడు ఆ పార్టీలో చేరిన ప్లీడరే, ఎందుకంటే కాగితం విలువ అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మళ్ళీ అమెరికాకు పోదాము. ఉష తలిదండ్రులు ఆంధ్రదేశం నుండి కాలిఫోర్నియా వెళ్ళి, తండ్రి ఇంజనీరింగూ, తల్లి జీవశాస్త్రమూ బోధించినవారు. ఆమె యేల్ విశ్వవిద్యాలయంలో లా చదివి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ వద్ద క్లర్కుగా పనిచేసింది. మన కచేరీ గుమాస్తా పనితో దీనిని పోల్చరాదు. అక్కడ అది ఏరికోరి ఇచ్చే గౌరవపదవి. 2014 నాటికి ఆమె పేరు డెమొక్రటిక్ పార్టీ వోటర్ల పట్టికలో ఉండేదని పత్రికలు వ్రాశాయి. 2025 జనవరి 20న ఆమె భర్త జె. డి. వాన్స్ ఉపాధ్యక్షుడయ్యాడు. ఆమె తానై ఎన్నికలలో నిలబడలేదు. కాని వలసలను గట్టిగా అడ్డుకొంటామని చెప్పే పార్టీ వేదిక మీద వలసవెళ్ళినవారి బిడ్డ నిలబడింది. 1905లో భౌనగరీ ఎదుట ఉన్న చిక్కే ఇదీ.

కనుక మన పిల్లలలో ఎవరైనా నల్లకోటు తొడిగి రాజకీయాలకు పోదలచితే, ఏ పార్టీ అని మేము అడగబోము. పార్టీలు వస్తవి, పోతవి, పేర్లు మార్చుకొంటవి. మా కొలత వేరు. తన పార్టీకి రుచించని మాటను, తన నోట, పార్టీ పెద్దల ఎదుట చెప్పగలడా? భౌనగరీ అన్ని తప్పుల మధ్య ఆ పని చేసినందుననే నూరేండ్లు దాటినా ఆయన పేరు తలచుకొంటున్నాము. ఒరియాతోపాటు కువి భాషో దేశియా మాటో నేర్చి, కాగితం లేని కక్షిదారు చెప్పేది దుబాసీ లేకుండా వినగలడా? ఈ రెండింటికీ ఔనని చెప్పగల పిల్లవాడో పిల్లో మన ఇండ్లలో ఉంటే, వారు ఏ జెండా పట్టినా సరే, మా వోటు వారికే.