జనాభా లెక్కల్లో మన గడి

బ్యాంకులో సాయంత్రం ఒక్క రూపాయి తేడా వచ్చినా అది తేలేవరకు ఇంటికి కదలం. మన తెలుగువారి లెక్కలో నాలుగున్నర లక్షల తేడా వస్తే మాత్రం ఎవరమూ పట్టించుకోలేదు!

తమిళనాట తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు 1991 జనాభా లెక్కల్లో సుమారు 39.75 లక్షలు. 2001లో 35.27 లక్షలు. 2011లో 42.34 లక్షలు. మొదటి పదేళ్ళలో రాష్ట్ర జనాభా 5.58 కోట్ల నుండి 6.24 కోట్లకు పెరిగితే మనం తగ్గడమేమిటి? తరువాతి పదేళ్ళలో ఏడు లక్షలు పెరగడమేమిటి? జనన మరణాల వల్ల ఇంత ఎగుడుదిగుడు రాదు. వలసల వల్ల కొంత రావచ్చు. మిగిలినది, నా ఉద్దేశంలో, మనం నోటితో చెప్పి రాయించే జవాబులోనే ఉంది.

మన ఊళ్ళ సంగతి చూడండి. నాయక రాజుల కాలంలో మనవారు మధుర సీమకు చేరారు. ఆ ఆస్థానంలో తెలుగు కావ్యాలు వెలిశాయి. కోయంబత్తూరును పెంచినవి నల్లరేగడి పత్తి, 1888లో వెలసిన నూలు మిల్లు, 1930లలో వచ్చిన పైకారా విద్యుత్తు. శివారు పల్లెలతో కలిపి కోయంబత్తూరు జనాభా 2001లో 14.61 లక్షలుండగా 2011కి 21.37 లక్షలయింది. మధుర 12.03 లక్షల నుండి 14.66 లక్షలకు చేరింది. పని ఉన్నచోటికి జనం వస్తారు. ఒకప్పుడు ఊరి బయట గ్రామమైన పీలమేడు నేడు నగరం నడుమ ఉంది. వీధి నిండా వినబడిన తెలుగు వంటింటికి పరిమితమైంది.

2011లో లెక్కలవారు మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. మాతృభాష ఏదని అడిగితే మా అబ్బాయి "తమిళం" అన్నాడట. లోపలినుండి మా అమ్మ, "మరి నేను మాట్లాడేది ఏ భాషరా?" అన్నదట.

సాయంత్రం వాడిని కోప్పడబోయి ఆగిపోయాను. బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే మాతృభాష అని జనగణన నిర్వచనం. స్కూలుకు పనికొస్తుందని మేమిద్దరం వాడితో తమిళమే మాట్లాడాం. వాడు చెప్పినది నిజమే!

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి 2027కు ఏర్పాటయింది. అంకె పెరగాలని అబద్ధం రాయించమని నేను చెప్పను. ముందు ఇంట్లో పసిపిల్లలతో తెలుగులో మాట్లాడదాం. ఖాతాలో జమ చేయనిది నిల్వలో కనబడదు కదా!