కండగా ఎదగని కణం – మైక్రో ఆర్.ఎన్.ఎ. వైద్యం

ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం. చదివింది నలుగురికీ చెప్పడం మా బాధ్యత.

పిల్లల మెత్తని కణజాలాల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రాబ్డోమయోసార్కోమా. ఇందులో కండగా ఎదగాల్సిన కణం ఎదగదు, విభజన మాత్రం ఆపదు.

కణంలో ప్రోటీన్ల తయారీని అదుపుచేసే చిట్టి అణువులు మైక్రో ఆర్.ఎన్.ఎ.లు. 1993లో మిల్లీమీటరు పొడవుండే పురుగులో వీటిని బయటపెట్టిన ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ క్యాన్సర్ కణాల్లో మిర్-206 అనే మైక్రో ఆర్.ఎన్.ఎ. బాగా తక్కువ. దాన్ని తిరిగి అందిస్తే కణాలు కండ లక్షణాలు పొందాయనీ, ఎలుకల్లో కణితి పెరుగుదల ఆగిందనీ 2009లో పరిశోధకులు చూపారు. చంపడం కాదు, దారికి తేవడం!

అయితే మిర్-34 తరహా మందును పెద్దవారిపై పరీక్షించినప్పుడు రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురుతిరగడంతో 2016లో ఆపేశారు. నేటికీ కీమోథెరపీ, శస్త్రచికిత్స, రేడియేషనే ఆధారం.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒంట్లో గడ్డ పెరుగుతుంటే, నొప్పి లేకున్నా దాచకండి. వార్డెన్ గారికి చెప్పి డాక్టరుకు చూపించుకోండి.