డేటాబేస్ ఫైలుకు సంకేతపదం

డేటాబేస్ ఫైలుకు సంకేతపదం (పాస్‌వర్డ్) అనగా వ్యక్తిగత కంప్యూటరులో నిల్వ ఉన్న డేటాబేస్ ఫైలును అనుమతి లేనివారు తెరవకుండా పెట్టే రహస్య అక్షరాల వరుస. ఇంటి కంప్యూటర్లలో ఎక్కువగా వాడుకలో ఉన్న డేటాబేస్ సాఫ్ట్‌వేరు మైక్రోసాఫ్ట్ యాక్సెస్. కాబట్టి ఈ వ్యాసంలో ప్రధానంగా దాని గురించి, తరువాత ఇతర పద్ధతుల గురించి వివరించబడినది. సంకేతపదం పెట్టడం సులభమే. అయితే అది దేనిని కాపాడుతుంది, దేనిని కాపాడదు అన్నది తెలియకపోతే రక్షణ ఉన్నదన్న భ్రమ మాత్రమే మిగులుతుంది.

అవసరం

పెద్ద సంస్థల సమాచారం సర్వర్లలో, నిపుణుల పర్యవేక్షణలో ఉంటుంది. చిన్న పట్టణాలలో, మండల కేంద్రాలలో చాలా లెక్కలు ఇంటి కంప్యూటరులోని ఒకే ఒక ఫైలులో ఉంటాయి. శ్రీ సత్యసాయి జిల్లాలోని కొత్తచెరువును ఉదాహరణగా తీసుకోవచ్చును. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఈ మండలం అనంతపురం జిల్లాలో ఉండేది. ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వర్షం మాత్రమే పడే ఈ కరువు సీమలో వేరుశనగ ప్రధానమైన పంట. వాన తప్పిన ఏడు విత్తనాలు, ఎరువులు అరువు మీదనే నడుస్తాయి. అటువంటి చోట విత్తనాల దుకాణం నడిపే కుటుంబం తన ఖాతా పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కించినదని అనుకుందాం. ఆ ఫైలులో ఏ రైతు ఎంత బాకీ ఉన్నాడు, అతని ఫోను నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు అన్నీ ఉంటాయి.

పాత రోజుల్లో ఖాతా పుస్తకం ఇనుప పెట్టెలో ఉండేది. ఫైలు అలా కాదు. పెన్ డ్రైవులోకి క్షణంలో నకలు తీయవచ్చును, నకలు తీసినట్లు జాడ కూడా కనపడదు. కంప్యూటరును మరమ్మతుకు ఇచ్చినపుడు, పాతది అమ్మినపుడు, ఇంటికి వచ్చినవారు దానిని వాడినపుడు ఈ ప్రమాదం ఎక్కువ. ఒకరి బాకీ ఊరందరికీ తెలిసిపోతే పోయేది అతని పరువు. ఆ ఫైలును తెరవలేని స్థితి వస్తే పోయేది దుకాణదారుని ఏడాది లెక్క. సంకేతపదం విషయంలో ఈ రెండు నష్టాలనూ దృష్టిలో పెట్టుకోవాలి.

తాళము, గుప్తీకరణ

ఫైలుకు రక్షణ రెండు విధాలుగా ఉండవచ్చును.

మొదటిది తాళము వంటిది. ఫైలును తెరిచే సాఫ్ట్‌వేరు ముందుగా సంకేతపదాన్ని అడుగుతుంది, సరిపోతేనే లోపలికి వదులుతుంది. కానీ లోపలి సమాచారం మామూలు రూపంలోనే ఉంటుంది. ఆ ప్రశ్న అడగని మరొక సాఫ్ట్‌వేరుతో ఫైలును చదివితే పేర్లు, అంకెలు కనబడతాయి. ఇది తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి ఉంచడం వంటిది.

రెండవది గుప్తీకరణ (ఎన్‌క్రిప్షన్). ఇందులో సంకేతపదం నుండి ఒక బీజాన్ని (కీ) తయారుచేసి, దానితో ఫైలులోని సమాచారాన్నంతటినీ అర్థంకాని రూపంలోకి మార్చివేస్తారు. సరైన బీజం లేనిదే ఏ సాఫ్ట్‌వేరుకూ అది అర్థం కాదు. నిజమైన రక్షణ ఇదే.

చరిత్ర

1980, 1990 దశకాలలో ప్రాచుర్యం పొందిన డీబేస్, ఫాక్స్‌ప్రో వంటి సాఫ్ట్‌వేర్ల డి.బి.ఎఫ్ ఫైళ్ళకు సంకేతపదం పెట్టే ఏర్పాటు ఫైలులోనే ఉండేది కాదు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మొదటి వెర్షను 1992 నవంబరులో విడుదలైనది. దాని ఫైళ్ళకు ఎం.డి.బి అనే పొడిగింపు ఉండేది, వాటిని నడిపే యంత్రాంగం పేరు జెట్.

యాక్సెస్ 2000 నుండి సంకేతపదం 20 అక్షరాల వరకు ఉండవచ్చును. ఎం.డి.బి ఫైళ్ళలో ఈ సంకేతపదాన్ని ఫైలు ఆరంభ భాగంలోనే, సులువైన గణిత క్రియతో మరుగుపరచి ఉంచేవారు. ఆ మరుగును తొలగించడం తెలిసినవారికి క్షణాల పని. కనుక అది ఎంత పొడవైన సంకేతపదమైనా ప్రయోజనం లేదు. సమాచారాన్ని కలగాపులగం చేసే మరొక ఏర్పాటు ఉన్నప్పటికీ, దానికి కావలసిన బీజం కూడా అదే ఫైలులో ఉండేది. వాడుకరులను గుంపులుగా విభజించి అనుమతులు ఇచ్చే పద్ధతి కూడా ఈ ఫైళ్ళలో ఉండేది.

యాక్సెస్ 2007తో ఎ.సి.సి.డి.బి అనే కొత్త రూపం వచ్చినది. ఇందులో వాడుకరుల వారీ అనుమతుల పద్ధతిని తొలగించి, సంకేతపదాన్ని గుప్తీకరణతో ముడిపెట్టారు. యాక్సెస్ 2010 నుండి మరింత బలమైన ఎ.ఇ.ఎస్ పద్ధతి వాడుకలోకి వచ్చినది. ఎ.ఇ.ఎస్‌ను అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా స్వీకరించినది. నేడు బ్యాంకింగు మొదలుకొని అనేక రంగాలలో అదే వాడుకలో ఉన్నది.

సంకేతపదం పెట్టే విధానం

యాక్సెస్ 2010, ఆ తరువాతి వెర్షన్లలో ఈ క్రింది విధంగా చేయాలి.

1. ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి వేరే చోట ఉంచుకోవాలి.
2. ఫైలు ఎం.డి.బి రూపంలో ఉంటే దానిని ఎ.సి.సి.డి.బి రూపంలోకి మార్చి భద్రపరచాలి.
3. ఫైలును మూసివేసి, యాక్సెస్‌లోని ఓపెన్ పెట్టె ద్వారా దానిని ఎంచుకోవాలి. ఓపెన్ మీట ప్రక్కనున్న బాణం గుర్తును నొక్కి "ఓపెన్ ఎక్స్‌క్లూజివ్" అన్నదానిని ఎంచుకోవాలి. ఫైలు వేరెవరి వద్దనూ తెరిచి లేనపుడే దానిని గుప్తీకరించడం సాధ్యం కాబట్టి ఇది తప్పనిసరి.
4. ఫైల్ మెనూలో ఇన్ఫో భాగానికి వెళ్ళి "ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్"ను నొక్కాలి.
5. సంకేతపదాన్ని రెండుమార్లు టైపు చేయాలి. వరుసల వారీ లాకింగు పనిచేయదని ఒక సందేశం రావచ్చును. ఒక్కరే వాడే ఫైలుకు దానితో ఇబ్బంది లేదు.
6. ఫైలును మూసి మరల తెరిచి, సంకేతపదం పనిచేస్తున్నదని నిర్ధారించుకోవాలి. ఆ తరువాతనే మొదట తీసిన రక్షణ లేని నకలును తొలగించాలి.

సంకేతపదాన్ని తీసివేయడానికి మరల అదే విధంగా ఎక్స్‌క్లూజివ్‌గా తెరిచి, ఇన్ఫో భాగంలో "డీక్రిప్ట్ డేటాబేస్"ను ఎంచుకోవాలి. సంకేతపదాన్ని మార్చాలంటే ముందు పాతదానిని తీసివేసి కొత్తది పెట్టాలి.

సంకేతపదం ఎంపిక

గుప్తీకరణ ఎంత బలమైనదైనా సంకేతపదం ఊహకు అందేదైతే వృథా. దుండగులు కంప్యూటరు చేత ఒకదాని తరువాత ఒకటిగా అన్ని వరుసలనూ ప్రయత్నింపజేస్తారు. ఆంగ్ల చిన్న అక్షరాలతో మాత్రమే ఏర్పడిన సంకేతపదాల లెక్క ఇలా ఉంటుంది. సెకనుకు 10 లక్షల ప్రయత్నాలు జరుగుతాయని అనుకుంటే:

* 6 అక్షరాలు: సుమారు 30.9 కోట్ల వరుసలు, 5 నిమిషాలకు పైగా
* 8 అక్షరాలు: సుమారు 20,883 కోట్ల వరుసలు, సుమారు రెండున్నర రోజులు
* 12 అక్షరాలు: సుమారు 3,000 సంవత్సరాలు

పొడవు పెరిగే కొద్దీ రక్షణ ఎంత వేగంగా పెరుగుతుందో దీనిని బట్టి తెలుస్తుంది. అయితే ఈ లెక్క అక్షరాలను యాదృచ్ఛికంగా ఎన్నుకున్నపుడే వర్తిస్తుంది. ఊరి పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీ, ఇలవేలుపు పేరు, ఫోను నంబరు వంటివి 12 అక్షరాలకు మించినా మొదటి ప్రయత్నాలలోనే దొరికిపోతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలను కలిపి వాడితే గుర్తుంచుకోవడం సులభం, ఊహించడం కష్టం. అందరికీ తెలిసిన సామెతలు, పాటల పల్లవులు ఇందుకు పనికిరావు.

తెలుగువారికి ఇందులో మరొక చిక్కు ఉన్నది. తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాలలో రాసేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాస్తారు. "కొత్త" అన్న మాటలో "త్త"ను కొందరు రెండు "టీ"లతో, కొందరు "టీ", "హెచ్"లతో రాస్తారు. దీర్ఘాలకు ఒకమారు రెండు "ఏ"లు, మరొకమారు ఒకే "ఏ" రాయడం పరిపాటి. కొన్ని నెలల తరువాత మాట గుర్తుండి కూడా స్పెల్లింగు గుర్తుండక ఫైలు తెరుచుకోని పరిస్థితి ఏర్పడుతుంది. తెలుగు లిపిలోనే సంకేతపదం పెట్టుకుంటే, తెలుగు కీబోర్డు అమర్చని కంప్యూటరులో దానిని టైపు చేయడం కుదరదు. తెరపై చుక్కలు మాత్రమే కనబడతాయి కాబట్టి తప్పు ఎక్కడ జరిగినదో కూడా తెలియదు. కాబట్టి ఎంచుకున్న స్పెల్లింగును కాగితంపై రాసి భద్రపరచుకోవడం మంచిది.

పరిమితులు

* విండోస్‌లోకి ప్రవేశించేటప్పుడు అడిగే సంకేతపదం ఫైలును గుప్తీకరించదు. డిస్కు గుప్తీకరించబడి లేకపోతే, హార్డ్ డిస్కును ఊడదీసి వేరొక కంప్యూటరుకు కలిపి ఫైళ్ళను చదవవచ్చును.
* డేటాబేస్ నుండి ఎక్సెల్‌కు ఎగుమతి చేసిన పట్టికలు, ముద్రించిన కాగితాలు, పాత బ్యాకప్పులు ఈ రక్షణ పరిధిలోకి రావు.
* రక్షణ గల ఫైలులోని పట్టికలను వేరొక యాక్సెస్ ఫైలుకు లింకు చేస్తే, సంకేతపదం ఆ రెండవ ఫైలులో చదవగలిగే రూపంలో నిల్వ అవుతుంది. కనుక రెండవ ఫైలును కూడా గుప్తీకరించాలి.
* ప్రోగ్రామింగు కోడుకు పెట్టే సంకేతపదం వేరు, డేటాబేసుకు పెట్టేది వేరు. మొదటిది సమాచారాన్ని కాపాడదు.
* సంకేతపదం తెలిసినవారు ఫైలులోని సమాచారమంతటినీ చూడగలరు. ఒకరికి కొంత, మరొకరికి కొంత చూపించాలంటే సర్వరు ఆధారిత డేటాబేస్ కావాలి.
* ఫైలు తెరిచి ఉండగా కంప్యూటరు ముందు నుండి లేచి వెళితే సంకేతపదం ఉన్నా లేనట్లే.
* సంకేతపదం ఫైలును చెడిపోకుండా కాపాడదు. సమాచారం రాస్తుండగా కరెంటు పోతే యాక్సెస్ ఫైలు పాడయ్యే అవకాశం ఉన్నది. కనుక తరచు కరెంటు పోయే చోట్ల యు.పి.ఎస్, బ్యాకప్పు రెండూ అవసరం.

సంకేతపదాన్ని మరచిపోతే

పాత ఎం.డి.బి ఫైళ్ళలో మరచిపోయిన సంకేతపదాన్ని వెలికితీయడం సులభం. అది ఆ ఫైళ్ళ బలహీనతకే నిదర్శనం. యాక్సెస్ 2010 తరువాతి ఫైళ్ళలో సంకేతపదం పోతే మైక్రోసాఫ్ట్ సంస్థ కూడా దానిని తిరిగి ఇవ్వలేదు. దొంగను ఆపే గోడే యజమానినీ ఆపుతుంది. అందుచేత సంకేతపదాన్ని కాగితంపై రాసి కవరులో ఉంచి, ఇంటి పత్రాలతో పాటు బీరువాలో భద్రపరచడం ఉత్తమం. కంప్యూటరు బల్లపైననో, అదే కంప్యూటరులోని మరొక ఫైలులోనో రాయరాదు. లెక్కలు చూసే వ్యక్తి హఠాత్తుగా మరణించినా, జబ్బుపడినా కుటుంబానికి బాకీల వివరాలు అందాలంటే, ఆ కవరు ఎక్కడున్నదో నమ్మకమైన మరొకరికి తెలిసి ఉండాలి.

ఇతర పద్ధతులు

* బిట్‌లాకర్: విండోస్ విస్టా నుండి ఉన్నది. డిస్కునంతటినీ గుప్తీకరిస్తుంది. విండోస్ హోమ్ వెర్షన్లలో ఇది పూర్తి రూపంలో లభించదు.
* వెరాక్రిప్ట్: ఉచిత సాఫ్ట్‌వేరు. డిస్కులో గుప్తీకరించిన ఒక పెట్టెను సృష్టిస్తుంది. ఏ రకమైన ఫైలునైనా అందులో ఉంచవచ్చును. 2014లో నిలిచిపోయిన ట్రూక్రిప్ట్ నుండి ఇది రూపొందినది.
* 7-జిప్: ఉచిత సాఫ్ట్‌వేరు. బ్యాకప్పు నకళ్ళను ఎ.ఇ.ఎస్-256 పద్ధతిలో గుప్తీకరించి దాచడానికి అనువైనది.
* ఎస్‌క్యూలైట్: ప్రజోపయోగ డేటాబేస్ సాఫ్ట్‌వేరు. దీని ఉచిత రూపంలో గుప్తీకరణ లేదు. ఎస్‌క్యూఎల్‌సైఫర్ వంటి అనుబంధాల ద్వారా ఆ సౌకర్యం లభిస్తుంది.

చట్టం

ఇతరుల కంప్యూటరులోకి అనుమతి లేకుండా ప్రవేశించి సమాచారాన్ని నకలు తీయడం సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షను పరిధిలోకి వస్తుంది. దురుద్దేశంతో చేసినపుడు 66వ సెక్షను ప్రకారం మూడేళ్ళ వరకు జైలు శిక్ష, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఇతరుల వివరాలను సేకరించి వాడేవారు వాటికి తగిన రక్షణ కల్పించాలని చెబుతున్నది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి, దశలవారీగా అమలులోకి వస్తాయి. ఒక వ్యక్తి కేవలం సొంత లేదా ఇంటి అవసరాలకు ఉంచుకునే వివరాలకు ఈ చట్టం వర్తించదు. కానీ ఇంటి కంప్యూటరులో ఉన్నంత మాత్రాన వ్యాపారపు ఖాతా ఇంటి అవసరం కాజాలదు.