రోటవేటరు: అమరిక, ఆలన

వాన కురిసి నేల పదునైనదనగానే నేడు మన పల్లెలలో మొదట వినవచ్చునది ఎడ్ల మువ్వల సవ్వడి కాదు, ట్రాక్టరు వెనుక తిరుగు రోటవేటరు మ్రోత. నాగలితో దున్ని, గుంటక తోలి, పెడ్డలు చితుకగొట్టి, మూడు నాలుగు దఫాలుగ చేయు పనిని ఈ యంత్రము ఒకటి రెండు దఫాలలో ముగించును. అయితే పని సులువైనకొలది పనిముట్టుపట్ల శ్రద్ధ తగ్గుట సహజము. అమరిక కుదరని రోటవేటరు డీజిలును వృథా చేయును, బేరింగులను అరగదీయును, నేలను చెరచును. ఏమరియున్నవారి కాలుసేతులనుకూడ తీసికొనగలదు. కావున దీనిని తగిలించుట, నడుపుట, కాపాడుట అను మూడు విషయములను వరుసగా విచారింతము.

ఈ యంత్రము ఆస్ట్రేలియాలో పుట్టినది. న్యూ సౌత్ వేల్సు రాష్ట్రములో గిల్గాండ్రాకడ తండ్రి పొలములో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అను యువకుడు 1912లో తిరుగు కత్తులతో నేలను త్రవ్వు ప్రయోగములు ప్రారంభించెను. తొలి కత్తులు మట్టిని ప్రక్కలకు విసరివేసినవి. తుదకు ఆంగ్లములోని ‘ఎల్’ అక్షరమువలె వంగిన కత్తి ఆ దోషమును తీర్చినది. 1920లో ఆయన తన యంత్రమునకు పేటెంటు పొందెను. నేడు మన పొలములలో తిరుగు కత్తులకును అదే ఆకారము.

నాగలిని ట్రాక్టరు లాగును. రోటవేటరు ట్రాక్టరును ముందుకు నెట్టును. కత్తుల ఇరుసు చక్రములు తిరుగు వైపునకే తిరుగుచు నేలను వెనుకకు త్రోయుటయే ఇందుకు కారణము. అందువలననే బురదలో దమ్ము చేయునపుడు చక్రముల జారుడు తగ్గును. రాయి తగిలినపుడు బండి ఒక్కసారిగా ముందుకు ఉరుకుటకును కారణమిదియే.

ఇక అమరిక. ముందుగా సమతలమైన చోట యంత్రమును నిలిపి, క్రింది లింకులు రెండింటిని, పైలింకును తగిలించి, పిన్నులకు తాళపు చీలలు వేయవలెను. ప్రక్క గొలుసులను బిగించి యంత్రము ఇటునటు ఊగకుండ చేయవలెను. వెనుకనుండి చూచినపుడు కత్తుల ఇరుసు నేలకు సమాంతరముగ నుండవలెను. ఒక ప్రక్క దిగియున్నచో దుక్కి లోతు రెండు వైపుల రెండు విధములగును.

పి.టి.ఓ. షాఫ్టు విషయములో తొందరపాటు కూడదు. ఇది ఒకదానిలో నొకటి జారు రెండు ముక్కలుగ నుండును. ట్రాక్టరు మారినపుడెల్ల దీని పొడవును సరిచూడవలెను. యంత్రమును మెల్లగా ఎత్తుచు దించుచు, రెండు కొనలును మిక్కిలి దగ్గరకు వచ్చు స్థానమును కనుగొనవలెను. ఆ స్థానములో లోపలి ముక్క కొన అడుగునకు తగులకుండ రెండు మూడు సెంటీమీటర్ల సందు మిగులవలెను. పొడవెక్కువైన షాఫ్టు గేరుబాక్సును గ్రుద్ది బేరింగులను పగులగొట్టును. పొట్టిదైనచో పనిలోనే ఊడి వచ్చును. కావున మిక్కిలి దూరపు స్థానములోకూడ మూడవ వంతుకు తగ్గకుండ ఒకటి రెండవదానిలో నుండవలెను. షాఫ్టు ఇరుకొనల పంగలు రెండును ఒకే వరుసలో నున్నవో లేవో చూడవలెను. అవి తప్పినచో యంత్రమంతయు వణకును. తరువాత పైలింకును త్రిప్పి, పని చేయునపుడు ట్రాక్టరు ఇరుసుకొనయు, గేరుబాక్సు కొనయు సమాంతరముగ నుండునట్లు అమర్చవలెను. పొలము చివర యంత్రమును ఎత్తునపుడు షాఫ్టు టకటకమనుచున్నచో వంపు ఎక్కువైనదని గ్రహించి ఎత్తును తగ్గింపవలెను, లేదా పి.టి.ఓ.ను ఆపవలెను. కత్తులు నేలలో నుండగా మలుపు తిప్పుటగాని, వెనుకకు నడుపుటగాని ఎన్నడును కూడదు.

అయిదడుగుల యంత్రమునకు సాధారణముగ 36 కత్తులుండును. వానిలో సగము ఎడమకు వంగినవి, సగము కుడికి వంగినవి. అన్నియు ఒక్కసారిగా నేలను తాకకుండ, ఒకదాని వెనుక నొకటి దిగునట్లు మెలిక వరుసలో బిగింపబడియుండును. కావున అరిగిన కత్తులను మార్చునపుడు అన్నింటిని ఒకేసారి విప్పరాదు. ఒకటి విప్పి, దానివంటిదే బిగించి, తరువాత రెండవదానికి పోవలెను. పదునైన అంచే ముందుగా నేలను తాకవలెను. క్రొత్త కత్తులతో ఒక గంట పని చేసిన పిదప నట్లను మరల బిగింపవలెను. పిమ్మట ప్రతిదినము ఒకమారు స్పానరుతో పరీక్షింపవలెను.

మెత్తని దుక్కికి కిటుకు వేగములో నున్నది. చిన్న లెక్క వేసి చూతము. ట్రాక్టరు గంటకు 3 కిలోమీటర్లు నడచుచు, కత్తుల ఇరుసు నిమిషమునకు 200 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. ఒక్కొక్క చుట్టునకు బండి 25 సెంటీమీటర్లు ముందుకు సాగును. ఒకే వైపునకు వంగిన కత్తులు ఒక్కొక్క బిళ్లకు మూడు చొప్పున నున్నచో, ఒక్కొక్క కత్తి కోయు ముక్క సుమారు 8 సెంటీమీటర్లు. అదే ట్రాక్టరును 6 కిలోమీటర్ల వేగముతో తోలినచో ఆ ముక్క సుమారు 17 సెంటీమీటర్లగును. అనగా పెడ్డలు మిగులును. ఎకరములు త్వరగా ముగించు ఆశతో గేరు పెంచినవాడు అదే పొలమును రెండవమారు తోలవలసివచ్చును. వెనుక రేకును దించినచో మట్టి దానికి కొట్టుకొని మరింత మెత్తబడును. ఎత్తినచో ముతకగ నుండును. లోతును ప్రక్క పట్టాలతో అమర్చుకొనవలెను.

ఆలన విషయములో నియమములు కొద్దివే. గేరుబాక్సులోను, ప్రక్క గేర్ల పెట్టెలోను నూనె మట్టమును ప్రతిదినము చల్లారియున్నపుడు చూడవలెను; యంత్రముతో వచ్చిన పుస్తకము చెప్పిన రకపు నూనెనే పోయవలెను. షాఫ్టు కీళ్లకు దినమునకొకమారు గ్రీజు పెట్టవలెను. గడ్డి, తీగె, ప్లాస్టిక్ దారము కత్తుల ఇరుసు కొనలకు చుట్టుకొని నూనె సీళ్లను కోసివేయును. సీలు చెడినచో నీరు, బురద లోపలికి చేరి బేరింగు నశించును. దమ్ము పని ముగిసిన సాయంకాలము ఇరుసును కడిగి, చుట్టుకొన్నదానిని తీసివేయుట తప్పనిసరి. పనిలేని నెలలలో కత్తులకు నూనె పూసి, యంత్రమును దిమ్మెలపై నిలిపి, నీడపట్టున ఉంచవలెను.

ఇప్పుడు ముఖ్యమైన మాట. నిమిషమునకు 540 చుట్లు తిరుగు షాఫ్టు సెకనునకు తొమ్మిది చుట్లు తిరుగును. కండువా కొన, పంచె అంచు, అన్నము తెచ్చిన ఇల్లాలి చీరచెంగు దానికి తగిలినచో కేక వేయువరకైనను వ్యవధి యుండదు. కావున షాఫ్టుపై ప్లాస్టిక్ తొడుగు లేని యంత్రమును పొలములోనికి రానీయరాదు. బరువు కొరకని రోటవేటరుపై మనిషిని నిలుపుట, ముచ్చట కొరకని మడ్గార్డుపై పిల్లలను కూర్చుండబెట్టుట మన పల్లెలలో ఇంకను కనబడుచున్నవి. వీనిని మానవలెను. చుట్టుకొన్న గడ్డిని తీయుటకు ముందు పి.టి.ఓ.ను విడిచి, ఇంజను ఆపి, తాళము చేతికి తీసికొని, యంత్రమును నేలకు దించవలెను; ఎత్తియున్నపుడు క్రిందికి పోవలసివచ్చినచో గట్టి దిమ్మెలు పెట్టవలెను.

తుదకు నేల సంగతి. ప్రతి పంటకును ఒకే లోతున తోలినచో కత్తులు ఆగు చోట గట్టి పొర ఏర్పడును. వరి మడిలో నీరు నిలుచుటకు ఆ పొర మేలే. ప్రత్తి, కంది, మిరపల వేళ్లకు అది అడ్డుగోడ. అట్టి చేలలో రెండు మూడేండ్లకొకమారు వేసవిలో, నేల ఎండియున్నపుడు, ఉలినాగలితో లోతుగా చీల్చవలెను. చలకలలో మట్టిని పిండివలె చేసినచో, తరువాతి వానకు పైన పెచ్చు కట్టి మొలక బయటికి రాలేదు. అచట ఒక్క దఫా చాలును. జీలుగ, జనుము వంటి పచ్చిరొట్టను కలియదున్నుటకు మాత్రము ఇది ఎంతయు తగినది. ఇక కృష్ణా, గోదావరి డెల్టాలలో కోతకు ముందే నిలిచియున్న వరిలో మినుము చల్లు రైతునకు ఆ పంటకు దుక్కితోనే పనిలేదు.

యంత్రము మన సొంతమైనను, అద్దెకు వచ్చినదైనను పొలము మనది, పనిచేయువారు మనవారు. తొడుగు ఉన్నదా, నట్లు బిగువుగ నున్నవా, నూనె సరిపోయినదా అని అడుగుటకు అయిదు నిమిషములు పట్టును. ఆ అయిదు నిమిషములు గడచిన పిమ్మటనే మొదటి సాలు పట్టింతము.