మీకు తెలుసా? వింటేజ్ కారు టాక్సీ కాలేదు!

బిలాస్‌పూర్ స్టేషన్‌లో నిలబడి తూర్పుకు పోయే రైలెక్కితే హౌరా. పడమరకు పోయేదెక్కితే ముంబై. ఒకే లైను, రెండు చివర్లు. ఒక చివర అంబాసిడర్ టాక్సీ, మరో చివర పద్మిని టాక్సీ దశాబ్దాల పాటు ఊరినంతా మోశాయి. ఒకటి ఇంకా తిరుగుతోంది, రెండోది 2023లో రిటైరైంది.

బిలాస్‌పూర్ తెలుగువాళ్లకు ఎక్కువ పరిచయమైనది హౌరా వైపు టాక్సీయే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు కొలువుల కోసం ఆ లైను పొడవునా స్థిరపడ్డాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమయ్యేదాకా అక్కడి డివిజన్‌కు పెద్దాఫీసు కలకత్తాలోని గార్డెన్ రీచ్. అక్కడ పని పడిందంటే హౌరాలో దిగాలి, పెట్టెలు డిక్కీలో పడేయించాలి, హుగ్లీ దాటాలి. దిగేటప్పుడు అసలు తమాషా. పాత మీటర్లో కనిపించే అంకె ఒకటి, చెల్లించాల్సిన సొమ్ము మరొకటి! ఛార్జీలు పెరిగినప్పుడల్లా మీటర్ల లోపలి పళ్లచక్రాలు మార్చలేక, ఏ అంకెకు ఎంత ఇవ్వాలో చెప్పే కార్డు ఒకటి డ్రైవర్ చేతికిచ్చేవారు. ముంబైలోనూ ఇదే పద్ధతి. కొత్తగా ఊళ్లోకి వచ్చినవాడు ఆ కార్డు కేసి అనుమానంగా చూడటం సహజం.

ఆ అంబాసిడర్ అసలు ఊరు ఇంగ్లండ్. 1956లో అక్కడ వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారునే హిందుస్తాన్ మోటార్స్ తెచ్చుకుని, కలకత్తా పక్కనున్న ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 1950ల చివరి నుంచి తయారు చేసింది. ఆ తర్వాత మార్క్ 2 అన్నారు, మార్క్ 3 అన్నారు, నోవా అన్నారు, ఇసుజు ఇంజన్ కూడా పెట్టారు. రూపం మాత్రం దాదాపు అదే. 2013లో బీబీసీ టాప్ గేర్ కార్యక్రమం దీన్ని ప్రపంచంలోకెల్లా మేటి టాక్సీగా ఎంచింది. మరుసటి ఏడాది మే నెలలోనే ఫ్యాక్టరీ ఆగిపోయింది. మన దగ్గర మెచ్చుకోలు ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే వస్తుంది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్స్‌కు చెందిన పెజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. కారు కాదు, పేరు మాత్రమే.

ముంబై పద్మినిది ఇటలీ పుట్టుక. ఫియట్ 1100 డిలైట్‌గా 1964లో వచ్చి, 1970లలో చిత్తోడ్ రాణి పేరు పెట్టుకుంది. తయారైంది ముంబైలోనే, కుర్లాలో. గేరు రాడ్ కింద కాకుండా స్టీరింగ్ పక్కనే ఉండేది. దాంతో ముందు సీటు బల్లలా ఒకటే ముక్క, డ్రైవర్ పక్కన మరో మనిషికి తోడు మరో పిల్లవాడికీ చోటు దొరికేది. ఆఖరి పద్మిని టాక్సీ తాడ్‌దేవ్ ఆర్టీఓలో 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది. ముంబైలో టాక్సీకి గడువు 20 ఏళ్లు. లెక్క సరిగ్గా 2023 అక్టోబరు చివరికి ముగిసింది.

ఇక్కడే చిన్న మెలిక ఉంది. వీటిని వింటేజ్ టాక్సీలని మురిపెంగా పిలుచుకుంటాం గానీ, పాతది వాటి రూపమే, బండి కాదు. ఇవాళ కలకత్తాలో తిరిగే పసుపు అంబాసిడర్ ఈ శతాబ్దంలో తయారైనదే. 2008లో హైకోర్టు ఆదేశం వచ్చాక 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలను నగరంలో తిరగనివ్వడం మానేశారు మరి.

హవానాలో దీనికి పూర్తిగా తిరగేసిన కథ. క్యూబాలో 1959 విప్లవానికి ముందు దిగుమతైన షెవర్లేలు, బ్యూయిక్‌లు ఇప్పటికీ మన షేర్ ఆటోల్లాగే ఒక దారి పట్టుకుని జనాన్ని ఎక్కించుకుంటూ దించుకుంటూ పోతుంటాయి. రేకు నిజంగానే 1950ల నాటిది. బోనెట్ ఎత్తితే మాత్రం చాలావాటిలో అమెరికా ఇంజన్ కనిపించదు. ఏ రష్యా వోల్గాదో, లేదంటే జపాన్ నుంచో కొరియా నుంచో వచ్చిన డీజిల్ ఇంజనో ఉంటుంది. అమెరికా ఆంక్షలతో విడిభాగాలు రాలేదు. పైగా 2011 దాకా అక్కడి పౌరులు స్వేచ్ఛగా అమ్ముకోగలిగింది, కొనుక్కోగలిగింది విప్లవానికి ముందటి కార్లను మాత్రమే. పాత బండిని కాపాడుకున్నది ప్రేమతో అనుకుంటే పొరపాటే, గతిలేకే ఎక్కువ.

పాత బండిని అంత తేలిగ్గా వదలని టాక్సీలోకం వేరే చోట్లా ఉంది. గ్రీస్‌లో ఒక టాక్సీ డ్రైవర్ 1976 నాటి మెర్సిడెస్ 240డీ కారును 46 లక్షల కిలోమీటర్లు నడిపి 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు. భూమధ్య రేఖ మీదుగా 115 చుట్లు! న్యూయార్క్‌లో చెకర్ కంపెనీ టాక్సీల తయారీ 1982లోనే ఆగినా, చివరిది 1999 దాకా కిరాయిలకు తిరిగింది.

ఇక మన చట్టం సంగతి. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్‌కు నిర్వచనం చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం పెద్దగా మార్చకూడదు. కొత్తగా రిజిస్టర్ చేయించడానికి ఫీజు 20,000 రూపాయలు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అని ఉంటుంది. బిలాస్‌పూర్‌లో మామూలు కారుకు సీజీ 10 అయితే, వింటేజ్ కారుకు సీజీ వీఏ అన్నమాట. ఆ బండిని ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు రోడ్డు మీదికి తేవచ్చు. కిరాయికి తిప్పకూడదు. అంటే మన దేశంలో చట్టప్రకారం వింటేజ్ కారు టాక్సీ కాలేదు!

ఈ లెక్కన 2014లో ఉత్తర్‌పాడా నుంచి బయటికొచ్చిన ఆఖరి అంబాసిడర్లకు కలకత్తా టాక్సీగా 2029లో కాలం చెల్లుతుంది. వింటేజ్ హోదా వచ్చేది 2064లో. మధ్యలో 35 ఏళ్లు వాటిని ఏ షెడ్డులో పెడతారో, తుప్పు పట్టకుండా ఎవరు చూస్తారో నిబంధనల్లో ఎక్కడా లేదు.